తెర అవతలి చేతులు

ఎక్కడ నలుగురు కుర్ర డాక్టర్లు తారసపడినా నన్ను పట్టుకుని అడిగేది ఒక్కటే. "సార్, మీరు పనిచేసిన ఆస్పత్రిలో రక్తం తాగే దయ్యం ఉండేదంట కదా, ఆ కథ చెప్పండి." ఈ కర్నూలు, కడప జిల్లాల్లో కలరా చూశాను, పాముకాట్లు చూశాను, కొడవలి వేట్లకు కుట్లు వేసి వేసి వేళ్ళు కాయలు కాశాయి. వాటి గురించి ఒక్కడూ అడగడు. దయ్యం కావాలి వీళ్ళకు. చెప్పడం మొదలుపెడితే సగంలోనే నవ్వుతారు, మిగతా సగం వినరు. అందుకే విసుగెత్తి రాస్తున్నాను. చదివినవాడు మళ్ళీ నన్ను అడగడని ఆశ.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎక్కడెక్కడికి బదిలీ చేశారో మీకు అనవసరం. నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అదే రాస్తాను.

మహలు

ఊరి పేరు రాయను. బేతంచెర్లకూ కోయిలకుంట్లకూ మధ్య ఎక్కడో ఒక తాలూకా ఊరనుకోండి. కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజులు. అక్కడ ఆఫీసులకే ఇళ్ళు చాలక డేరాలు వేసుకుంటుంటే మాకు ఆస్పత్రి ఎవరు కట్టిస్తారు? ఎప్పుడో ఒక నవాబు చుట్టం కట్టించుకున్న రెండంతస్తుల మహలును మా మొహాన పడేశారు. గోడలు రెండు మూరల మందం. కిటికీలకు రంగు అద్దాలు. పగిలినవి పోగా మిగిలిన అద్దాల్లోంచి ఎండ ఎర్రగా, పచ్చగా రోగుల మొహాల మీద పడేది. ఒకడికి కామెర్లున్నాయో లేవో తేల్చాలంటే వాణ్ణి ఆరుబయటికి నడిపించుకు పోవలసి వచ్చేది.

కాన్పుల వార్డు వెనకే ఆ చుట్టపాయన సమాధి, ఆయన భార్యల సమాధులు. మా ఆయాలు వాటిమీద దుప్పట్లు ఆరేసేవాళ్ళు. ఆపరేషన్ గది కప్పు నిండా గబ్బిలాలు. వాటిని తోలించమని పైవాళ్ళకు నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. ఎంతకాలానికో ఒక జవాబు వచ్చింది, గబ్బిలాల సంఖ్య తెలియజేయవలసిందిగా.

మా పెద్ద డాక్టరు మంచివాడే. ఎవరికీ అపకారం చేయడు, ఉపకారం కూడా చేయడు. ఏది అడిగినా "చూద్దాం" అనేవాడు. రోగి చనిపోతున్నాడన్నా "చూద్దాం", పైకప్పు కూలుతోందన్నా "చూద్దాం". కోపిష్టి పైవాడి దగ్గర పనిచేస్తే కనీసం మీకు తిట్లయినా వస్తాయి. ఇలాంటివాడి దగ్గర ఏ నిర్ణయం ఎవరు తీసుకున్నారో మీకే తెలియదు. ఆ రెండేళ్ళలో నేను ఆయన్ను ఒక్కసారైనా ఎదిరించి ఉండాల్సింది.

మేడమీది గది

మహలు పైఅంతస్తులో ఒకే ఒక్క మంచి గది. అందులో ఒకే ఒక్క రోగి. చుట్టుపక్కల నాలుగూళ్ళ భూమీ, బేతంచెర్ల దగ్గర నాపరాయి గనులూ ఆయనవే. ఊరంతా "పెద్దాయన" అనేవాళ్ళు, నేనూ అదే అంటాను. ఆయన ఎముకల్లో రక్తం తయారవడం ఆగిపోయింది. మద్రాసు డాక్టర్లు చేతులెత్తేసి ఇంటికి పొమ్మన్నారు. వారం వారం ఎవరిదైనా రక్తం ఎక్కిస్తే బతుకుతాడు, లేకపోతే లేదు.

వెలుతురు కళ్ళకు పడేది కాదు కాబట్టి గదికి ఎప్పుడూ దట్టమైన పరదాలు. మొహం ఉతికిన గుడ్డలా తెల్లగా ఉండేది. ఆ జబ్బులో చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంది కాబట్టి మాట్లాడుతుంటే పెదవి కొసన ఎర్రగా ఒక చార కనిపించేది. దాన్ని ఆయన తెల్ల రుమాలుతో నెమ్మదిగా అద్దుకునేవాడు. ఇది చూసిన ఆయాలు ఏమనుకుంటారో మీరే ఊహించుకోండి.

అనుకున్నారు. వారం తిరక్కుండా ఆస్పత్రి అంతా అనుకుంది. పెద్దాయన రక్తపిశాచి అయినాడంట, మనుషుల నెత్తురు తాగుతాడంట. కాన్పుల వార్డు మంచాల కింద చెప్పులు, తలగడల కింద ఇనుప ముక్కలు, గుమ్మాలకు వేపమండలు, నిమ్మకాయలు. మేడ కిందుగా వచ్చే వరండాలో పడుకోమంటే రోగులు ఒప్పుకునేవాళ్ళు కాదు. పురిటి మూడోరోజే పసిగుడ్డును చంకనేసుకుని గోడ దూకిపోయిన మహాతల్లి ఒకామె ఉంది. నేను పొద్దున రౌండ్లకు వెళ్ళి ముందు నిమ్మకాయలు ఏరి పారేసేవాణ్ణి, ఆ తర్వాతే నాడి చూసేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. మద్రాసు చదువు. మూఢనమ్మకాలను ఒంటిచేత్తో రూపుమాపడానికే పుట్టాననుకునేవాణ్ణి.

హుసేనమ్మ అని కాన్పుల వార్డు ఆయా ఉండేది. యాభై దాటిన మనిషి. నేను నిమ్మకాయలు పారేస్తుంటే ఒకరోజు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"కాయలు పారేస్తే ఏం లాబం సార్? ఆయప్ప మన మనుషుల నెత్తురు తాగుతాండాడు. వచ్చినోళ్ళే వస్తాండారు, పోయినోళ్ళే మళ్ళా పోతాండారు. ఆ గనుల్లో పనిచేసే మద్దిలేటి మొగం సూడు, సున్నం కొట్టినట్టుండాది."

నేను ఆమెకు అరగంట ఉపన్యాసం ఇచ్చాను. దయ్యాలు లేవనీ, రక్తం సీసాలోంచి నరంలోకి పోతుందే తప్ప నోట్లోకి పోదనీ, ఇంకోసారి ఇలాంటి మాటలు వింటే పనిలోంచి తీసేయిస్తాననీ. హుసేనమ్మ అంతా విని, "నీకు సదువెక్కువైంది నాయనా" అని బకెట్టు తీసుకుని పోయింది.

ఆమె చెప్పిన దాన్లో దయ్యం అనే మాటే లేదని నాకు తట్టడానికి శానా రోజులు పట్టింది. వచ్చినవాళ్ళే మళ్ళీ వస్తున్నారంది. ఒక మనిషి పేరు చెప్పింది, వాడి మొహం చూడమంది. రోగి వివరాలు అంతకంటే చక్కగా ఏ హౌస్ సర్జనూ నాకు చెప్పలేదు.

నా తెలివి

రక్తం ఇవ్వడానికి పెద్దాయన మనుషులే వచ్చేవాళ్ళు. పొలం పనికి, గని పనికి వంతులు ఉన్నట్టే దీనికీ ఆయన గుమాస్తా వంతులు వేశాడు. గురువారం గురువారం ఎద్దులబండిలో ఇద్దరు ముగ్గురు దిగేవాళ్ళు. వాళ్ళు రాళ్ళు మోసే మనుషులు, సూదికి భయపడరు. కానీ తమ నెత్తురు గొట్టంలో కదలడం చూస్తే దబ్బున పడిపోయేవాళ్ళు. ఒకడు పడుతూ పడుతూ నా బల్ల మీది సీసాను కూడా పగలగొట్టాడు.

దాంతో నేను ఒక ఉపాయం చేశాను. చెక్క చట్రానికి నల్లగుడ్డ బిగించి, మోచేతి ఎత్తున ఒక కంత పెట్టించాను. మనిషి అవతల కూర్చుని కంతలోంచి చెయ్యి చాపుతాడు. ఇవతల నేను సూది గుచ్చుతాను. వాడికి ఏమీ కనబడదు, పని హాయిగా జరిగిపోతుంది. పక్క ఊళ్ళ డాక్టర్లు వచ్చి చూసి మెచ్చుకుంటే నేను ఉబ్బిపోయాను. ఒకసారి ఇచ్చినవాడి దగ్గర మూడు నెలల దాకా మళ్ళీ తీయకూడదని గట్టి నియమం కూడా పెట్టాను. పేర్లు రాసుకోవడం కాంపౌండరు పని. ఆ పేర్లు చెప్పేది గుమాస్తా. వాళ్ళిద్దరూ కలిసి ఏ పేరు చెబితే ఆ పేరు. నేను చూసేది చెయ్యి ఒక్కటే, అందులోనూ నరం ఒక్కటే. పాత సూది గుర్తు కనిపిస్తే గనిలో రాయి గీరుకుందేమో అనుకునేవాణ్ణి. అనుకోవడం సుఖంగా ఉండేది మరి.

ఎందుకు సుఖమో కూడా చెప్పాలి. పెద్దాయన నన్ను "రాప్పా డాక్టరూ, కూర్చో" అని పిలిచేవాడు. గొంతు చాలా మెత్తన. మా అమ్మ మోకాళ్ళ నొప్పి గురించి ఒకసారి చెప్పానేమో, ప్రతిసారీ గుర్తుపెట్టుకుని అడిగేవాడు. ఇంత చదువు చదివి ఈ గబ్బిలాల కొంపలో మగ్గుతున్నావే అని బాధపడేవాడు. నాకు మైక్రోస్కోపు లేదని తెలుసుకుని, తన డబ్బుతో మద్రాసు నుంచి తెప్పిస్తానన్నాడు. ఆ గదిలో ఐదు నిమిషాలకని వెళ్ళి గంట కూర్చున్న రోజులున్నాయి. బయటికి వచ్చాక ఏ పని మీద వెళ్ళానో గుర్తుండేది కాదు, మెట్లు దిగుతుంటే కాళ్ళు లాగేవి. కింద వార్డు కంపు, అరుపులు, నిమ్మకాయలు చూస్తే చిరాకేసేది. ఎప్పుడెప్పుడు మళ్ళీ పైకి పోదామా అనిపించేది. నేను దయ్యాలను నమ్మను. కానీ ఆ గది నన్ను పట్టుకుందని మాత్రం ఒప్పుకుంటాను.

ఆ గురువారం

మద్దిలేటి భార్య నాగమ్మ, ఇరవై ఏళ్ళ పిల్ల, తొలికాన్పుకు మా వార్డులో చేరింది. గురువారం పొద్దున్నే ఆడపిల్లను కన్నది. బిడ్డ బాగుంది. నేను మామూలుగా పది గంటలకు తెర ముందు కూర్చుని పెద్దాయన కోసం ఒక సీసా రక్తం తీసి ఐసుపెట్టెలో పెట్టించాను. మధ్యాహ్నం ఆయనకు ఎక్కించాలి. అప్పుడే నర్సు పరుగెత్తుకొచ్చింది. నాగమ్మకు రక్తం ఆగడం లేదు.

ఇంజెక్షన్ ఇచ్చాను. పొట్ట మీద చేత్తో అదిమి పట్టుకుని గర్భసంచి బిగిసేదాకా కదల్లేదు. చివరికి రక్తం ఆగింది, కానీ పోవలసినంత పోయింది. పరుపు తడిసి నాపరాళ్ళ మీదికి కారింది. నాడి దారంలా ఉంది. ఉప్పునీళ్ళ సీసా ఎక్కించాను కానీ దానితో అయ్యేది కాదు. రక్తం కావాలి, అరగంటలోపే కావాలి.

"ఈమె మొగుణ్ణి పిలవండి" అని అరిచాను.

మద్దిలేటి తల్లి గుమ్మంలో ఉంది, పసిబిడ్డను ఎత్తుకుని. "వానికాడ ఇంకేముండాది సార్? ఇప్పుడే కదా నువ్వు తీసుకుంటివి. ఆ బండికాడ పడుకోనుండాడు, లేస్తే కండ్లు తిరుగుతాండాయంట."

"ఈ రోజు ఇచ్చింది వెంకటేశు కదా?"

"యా వెంకటేశు సార్? వాడే మద్దిలేటి. పోయిన నెల సుంకన్న అని రాసుకున్నారు, అంతకు ముందు నెల ఇంకేందో. నీకు తెల్దా?"

తెలీదు. ప్రతిసారీ వాడి చెయ్యి నా చేతిలోనే ఉంది, అయినా తెలీదు.

కానీ ఆ సమయంలో సిగ్గుపడటానికి తీరిక లేదు. ఆ సీసాలోది వాడి రక్తం, బి గ్రూపు. నాగమ్మది చూశాను, అదీ బి. పరీక్షకని పొద్దున విడిగా తీసి ఉంచిన వాడి రక్తపు చుక్కతో కలిపి చూశాను, సరిపోయింది. పెద్దాయనకు ఒకరోజు ఆలస్యమైతే ఏమీ కాదు. సీసా తీసి ఎక్కించడమే. ఐసుపెట్టె తాళంచెవి నర్సు దగ్గర ఉంది. "పెద్ద డాక్టరు గారిని ఒక్క మాట అడగండి సార్, అది మేడమీదికి రాసినది" అంది నర్సు. ఆమెను తప్పు పట్టను. పెద్ద డాక్టరు గది పక్కనే. ఆయన తల ఎత్తి చూసి, "ఆయన్నే ఒక్క మాట అడిగి రాకూడదూ? చూద్దాం" అన్నాడు. నేను మెట్లెక్కాను.

ఇక్కడ ఆగి మీకు ఒక మాట చెప్తాను. ఆ మెట్లు ఎక్కకుండా ఉండాల్సింది. తాళం పగలగొట్టాల్సింది. ఉద్యోగం పోయేదా? పోదు. ఎవరు పోగొడతారు, "చూద్దాం" అనేవాడా?

పెద్దాయన దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. విషయం చెప్పాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అయ్యో, తీసుకోప్పా. దానికి నన్ను అడగల్లనా? ఆ పిల్ల బతకల్ల ముందు."

నాకు కళ్ళు చెమర్చాయి. వెనక్కి తిరగబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్ళు చల్లగా, గట్టిగా ఉన్నాయి.

"ఇట్ల కూర్చో ఒక్క నిమిసం. శానా కంగారు పడినావు. ఎవరి బిడ్డ ఆ పిల్ల? ఏ ఊరు?"

చెప్పాను. ఆ పిల్ల తండ్రి తనకు తెలుసన్నాడు. వాడు ఒకసారి వంకలో కొట్టుకుపోతుంటే తన మనుషులే తాడు వేసి లాగారన్నాడు. పనివాడు కాఫీ తెచ్చాడు. తాగి పొమ్మన్నాడు. వద్దంటే, మనిషి నిలబడి ఉంటే కదా వైద్యం చేసేదన్నాడు. మైక్రోస్కోపు మద్రాసులో రైలెక్కిందట, ఎర్రగుంట్ల మీదుగా వస్తోందట. ఆ మాట మాట్లాడుతూ రుమాలుతో పెదవి అద్దుకున్నాడు. కాఫీ పొగలు కక్కుతోంది. అది చల్లారేదాకా నేను కూర్చున్నాను.

దీనికి నా దగ్గర సాకు లేదు. ఆయన మొదటి మాటలోనే ఔనన్నాడు. మెట్ల పైనుంచి "ఎక్కించండి" అని ఒక్క కేక వేస్తే కింద నర్సు తాళం తీసేది. కేక వేయలేదు. పెద్దమనిషి మాట్లాడుతుంటే మధ్యలో లేచిపోవడం ఎలా అనుకున్నాను. మైక్రోస్కోపు అన్నాడు, విన్నాను. కింద ఒక పిల్ల ప్రాణం పోతోందని తెలిసి కూడా ఆ చల్లని గదిలో నాకు హాయిగా ఉంది. నన్ను నేను ఎన్ని తిట్టుకున్నా ఆ హాయిని అబద్ధం అనలేను.

దిగి వచ్చేసరికి హుసేనమ్మ నాగమ్మ కళ్ళు మూసి, దుప్పటి మొహం మీదికి లాగుతోంది. నా వైపు చూడలేదు. సీసా ఐసుపెట్టెలోనే ఉంది. మధ్యాహ్నం పెద్ద డాక్టరు స్వయంగా దాన్ని మేడమీదికి తీసుకుపోయి ఎక్కించాడు. ఆ సాయంత్రం పెద్దాయన బుగ్గలు రంగు తేలి ఉన్నాయని ఆయాలు చెప్పుకున్నారు. వాళ్ళను నేను ఏమీ అనలేదు.

తెర తీశాక

ఆ రాత్రే కూర్చుని దొంగపేర్ల గురించి పూర్తిగా రాసి పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టాను. "చూద్దాం" అన్నాడు. కాంపౌండరుతో గొంతు చించుకున్నాను. గుమాస్తాను ఆస్పత్రిలోకి రానీయనన్నాను. తెర చట్రాన్ని పెరట్లో నా చేత్తోనే విరగ్గొట్టాను. ఒక మనిషి దగ్గర రక్తం తీసేటప్పుడు వాడి మొహం చూడండి. పేరు వాడి నోటితోనే చెప్పించుకోండి. కంటి కింది రెప్ప లాగి చూడండి. ఆ తర్వాత పాతికేళ్ళు నేను ఇదే పద్ధతి పాటించాను. మొదట్లోనే పాటించి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు.

నాలుగు వారాలకు మళ్ళీ ఒక గురువారం వచ్చింది. బండి ఆగింది. తెర లేదు కాబట్టి ఈసారి మనిషి ఎదురుగానే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మద్దిలేటి. చొక్కా చెయ్యి పైకి మడిచి బల్ల మీద పెట్టాడు. రెప్ప లాగి చూశాను. కాగితంలా తెల్లగా ఉంది.

"నీ దగ్గర తీయను. ఇంటికి పో" అన్నాను.

"ఈ పొద్దు నా వంతు సార్."

"వంతు లేదు, గింతు లేదు. లే."

"అట్లంటే ఎట్ల సార్? ఆయప్ప నా బిడ్డ పాలకని ఆవును తోలిచ్చినాడు. దినాల ఖర్చంతా ఆయప్పే పెట్టుకున్నాడు. శానా మంచాయప్ప."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు వారాలుగా కడుపులో పెట్టుకున్నదంతా కక్కేశాను. "ఒరేయ్, నీ పెళ్ళానికి ఎక్కాల్సిన రక్తం ఆయన ఒంట్లోకి పోయిందిరా. అది నీ రక్తమేరా. నీకు తెలుసా?"

మద్దిలేటి నా మొహంలోకి నిదానంగా చూశాడు. కోపం లేదు. నాకు తెలియని సంగతి ఏదో నాకు నచ్చజెబుతున్నట్టు మాట్లాడాడు.

"తెలుసు సార్. గుమాస్తా చెప్పినాడు. తీసుకోప్పా, ఆ పిల్ల బతకల్ల అని ఆయప్ప అప్పుడే అనె గదా. మీరే పైన కాఫీ తాగుతా కూర్చుంటిరంట."

వాడు చెప్పిన దాన్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదు.